బిడ్డల నడక

వాక్యభాగము: ఆదికాండము 33:12–14



ఈ నెల ధ్యానమునకు నేను తీసికొనిన భాగము గుడిలో తరచుగా చదువబడునది కాదు. యాకోబు ఏశావులు ఇరువది యేండ్ల తరువాత కలిసికొని, ఒకరి నొకరు కౌగిలించుకొని ఏడ్చిన సంగతి మనకందరికిని తెలియును. ఆ కన్నీళ్లు తుడుచుకొనిన తరువాత జరిగిన చిన్న సంభాషణను మాత్రము మనము దాటిపోవుదుము. ఏశావు నాలుగువందల మంది మనుష్యులతో వచ్చినవాడు, వేటగాడు, కాలి సత్తువ గలవాడు. ఇక కలిసి ప్రయాణము చేయుదమని అతడు ప్రేమతోనే పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు ఇంకను చిన్నవారు, మందలో ఈనినవి ఉన్నవి, ఒక్కరోజు అదిలించి పరుగెత్తించినను ఇవి దక్కవు. మీరు సాగిపొండు, నేను వీరి కాళ్లు సాగినంతనే సాగెదను అను భావముతో మర్యాదగా తప్పించుకొనెను.

ఆ పిల్లల వయస్సు ఎంత? లెక్క వేసి చూడుడి. యాకోబు మామ యింట ఉన్నది ఇరువది సంవత్సరములు (31:41). మొదటి యేడు సంవత్సరములు పెండ్లి లేదు. గనుక అందరికంటె పెద్దవాడైన రూబేనునకు పండ్రెండేండ్లో, ఆ ప్రాంతమో ఉండును. యోసేపు పుట్టునప్పటికి పదునాలుగేండ్ల కొలువు ముగిసినది, తరువాత ఆరేండ్లు గడచినవి. వానికి ఆరేండ్ల వయస్సు. ఆరు మొదలు పండ్రెండు వరకు ఉన్న పదునొకండుగురు మగపిల్లలు, దీనా అను ఆడపిల్ల. ఒక చిన్న ఎలిమెంటరీ బడి కదలి వచ్చినట్లు! అందులో ఎవడు వెనుకబడుచున్నాడో, ఎవనికి కాళ్లు నొచ్చుచున్నవో ఆ తండ్రికి తెలియును. ఆ ఉదయముననే అతని తొడగూడు వసిలి తానును కుంటుచున్నాడు. బహుశః తాను కుంటుచు నడచినవానికే చిన్న కాళ్ల బాధ బాగుగా అర్థమగును.

మన యిండ్లలో ఏశావు నడక ఎక్కువ. ఐదేండ్లు నిండని బిడ్డ వ్రేళ్లకు పెన్సిలు పట్టు చిక్కకముందే పలక నిండ వ్రాయలేదని మొట్టికాయలు. మూడేండ్ల బిడ్డ రెండు గంటల ఆరాధనలో కదలక కూర్చుండవలెనట. నా ప్రసంగమునకు పెద్దలే కాళ్లు మార్చి మార్చి కూర్చుందురు, పసివాని మాట యేమి? “పక్కింటి పిల్ల చూడు, నీకంటే చిన్నది” అను మాట దినమునకు ఎన్ని సార్లో. ఇవన్నియు ద్వేషముతో చేయుచున్నామని నేను అనను. ఏశావు కూడ ప్రేమతోనే తొందరపెట్టెను.

కొట్టుటను గూర్చి మాట్లాడక తప్పదు. బడిలో బిడ్డను కొట్టుటయు, మనస్సు నొచ్చునట్లు వేధించుటయు కూడదని 2009లో చేసిన విద్యా హక్కు చట్టము 17వ సెక్షనులో ఉన్నది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అయినను బడికి పోయి, “మావాడికి నాలుగు తగిలించండి సారూ, నేనేమీ అనుకోను” అని చెప్పి వచ్చు తండ్రులు మన సంఘములోనే ఉన్నారు. దెబ్బకు దయ్యమైనను దిగునని మన పెద్దల సామెత. క్రైస్తవులమైన తరువాత ఆ సామెతకు బైబిలులోని సామెతలను కూడ తోడు చేసికొంటిమి. బెత్తము వాడనివాడు కుమారునికి విరోధియని సొలొమోను చెప్పలేదా అయ్యగారూ, అని నన్ను అడిగినవారు అనేకులు.

చెప్పెను. సామెతలు 13:24లో ఉన్నది, 23వ అధ్యాయములోను ఉన్నది. దానిని నేను గ్రంథములోనుండి చించివేయబోను. అయితే హెబ్రీ భాషలో ఆ బెత్తమునకు ఉన్న పేరు షేబెట్. ఇరువది మూడవ కీర్తనలో కాపరి చేతనున్న దుడ్డుకఱ్ఱకును అదే పేరు. లేవీయకాండము 27:32లో మందను లెక్కించుటకు ఒక్కొక్క జీవమును దేని క్రిందనుండి పోనిచ్చెదరో, అదియు షేబెట్. ఆ కఱ్ఱ తోడేలును కొట్టును, పల్లమున పడబోవు గొఱ్ఱెను ఇటు త్రిప్పును, ఒకటి తక్కువైనదేమో లెక్క చూచును. దావీదు దానిని చూచి ఆదరణ పొందుచున్నానని అనుచున్నాడు. మన చేతి కఱ్ఱను చూచి మన బిడ్డలు ఆదరణ పొందుచున్నారా? గొఱ్ఱెలు మేపిన అన్నలను అడుగుడి. కఱ్ఱ చేతనున్నదని రోజంతయు మందను బాదు కాపరి యెవడైనను ఉన్నాడా? రెండు దినములలో ఆ మంద వాని పిలుపు విని దగ్గరకు వచ్చుటకు బదులు చెదరిపోవును.

ఇంకొక మాట. సామెతల గ్రంథములో “నా కుమారుడా” అని పిలువబడువాడు చంకలోని బిడ్డ కాడు. త్రాగుబోతులతో తిరుగవద్దు, పరస్త్రీ యింటి దారి పోవద్దు, పరులకు పూటపడవద్దు అని ఆయన చెప్పుచున్నది మీసములు వచ్చుచున్న పడుచువానికి. ఆ మాటలను తెచ్చి, పాలు ఒలకబోసిన రెండేండ్ల బిడ్డ వీపు మీద నిలుపుట వాక్యమును సరిగా విభజించుట కాదు. మరియు సొలొమోను సొంత కుమారుడైన రెహబామునకు కొరడా భాష తప్ప వేరొకటి రాలేదు. ఆ భాషతోనే పది గోత్రములను పోగొట్టుకొనెను (1 రాజులు 12). దీనిని ఆలోచింపవలెను.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6:4లో తండ్రులు పిల్లలకు కోపము రేపకూడదనియు, వారిని ప్రభువు శిక్షలోను బోధలోను పెంచవలెననియు ఉన్నది. శిక్ష అను మాట వినగానే మనకు తొడపాశము జ్ఞాపకము వచ్చును. గాని మన తాతలు పెద్ద బాలశిక్ష చదువుకొనిరి గదా. పిల్లలను బాదు పుస్తకమని ఎవరైన అనుకొనిరా? శిక్ష అనగా నేర్పు. గ్రీకులో అక్కడ ఉన్న మాటయు అట్టిదే, బిడ్డను పెంచి నేర్పుట అని దాని యర్థము. కాలము గడిచినకొలది మన నోట ఆ మాట కఱుకుబారినది, దానితోపాటు మన చేయియు.

అయితే నేర్పవలెనన్న ఏ వయస్సున ఏది పట్టునో తెలియవలెను. హన్నా సంగతి చూడుడి. కుమారుని షిలోహులో విడిచి వచ్చిన ఆ తల్లి ఏటేట వానికి చిన్న అంగీ కుట్టి తీసికొని పోవుచుండెను (1 సమూయేలు 2:19). వాడు ఎదుట లేడు. అయినను ఈ యేడు ఎన్ని అంగుళములు పెరిగియుండునో మనస్సులో కొలిచి కుట్టవలెను. నిరుటి అంగీని ఈ యేడు తొడిగి, పట్టలేదని బిడ్డను కొట్టు తల్లి లేదు. బుద్ధి విషయములోనే మనము ఆ పొరపాటు చేయుదుము. అదియు తలక్రిందులుగా, పదేండ్లవాని అంగీని రెండేండ్లవానికి తొడిగి, నిండలేదని కోపగించుకొందుము.

సంవత్సరము లోపలి బిడ్డకు ఏడ్పే భాష. ఎత్తుకొనినంత మాత్రమున చెడిపోవునని భయపడవద్దు. పిలిచినప్పుడు అమ్మ వచ్చునను నమ్మకము అప్పుడే నాటబడును. ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు కొత్త ముఖము చూచి ఏడ్చును. నేను ఎత్తుకొనబోయినప్పుడు బిడ్డ కెవ్వున ఏడ్చినందుకు తల్లులు సిగ్గుపడి వాని తొడ మీద ఒకటి వేయుట నేను చూచినాను. అమ్మా, వాడు పాస్టరును అవమానపరచలేదు! తన తల్లి యెవరో, పరాయివారెవరో ఎరిగినాడు, అది యెదుగుదల. నాకేమియు కష్టము లేదు.

ఒకటిన్నర, రెండేండ్లు వచ్చునప్పటికి “వద్దు”, “నాది”, “నేనే” అను మూడు మాటలతో ఇల్లు దద్దరిల్లును. మన యిండ్లలో దెబ్బలు మొదలగునది ఈ వయస్సుననే, గనుక కొంచెము నిదానించి వినుడి. సంతలో బొమ్మ కొనలేదని నేల మీద పడి పొర్లాడు బిడ్డ మొండివాడు అందురు, వానిలో సాతాను ఉన్నాడని కూడ ఒకరు నాతో అన్నారు. అది కాదు. కోరిక పుట్టుట ముందు, కోరికను ఆపుకొనుట చాల వెనుక. దేవుడు మనుష్యుని ఆ వరుసనే పెంచుచున్నాడు. కోరికకు కళ్లెము వేయు భాగము మెదడు ముందరి వైపున ఉన్నదనియు, అది పూర్తిగా పండుటకు ఇరువదియైదు ఏండ్ల వరకు పట్టుననియు వైద్యులు చెప్పుచున్నారు. ఇంకను పుట్టని కళ్లెమును లాగి ప్రయోజనమేమి? ఆ గడియలో బిడ్డకు ఏ బోధయు ఎక్కదు. వాని దగ్గర కూర్చుండుడి, దెబ్బ తగులకుండ చూడుడి, ఏడ్పు తగ్గిన తరువాత ఎత్తుకొనుడి. బొమ్మ మాత్రము కొనవద్దు. కొనియిచ్చినచో ఏడ్పునకు వెల కట్టినట్లే. అందకూడనిదానిని ఎత్తున పెట్టుడి. కొడవలిని చూరున దోపినచో నూరు సార్లు “ముట్టుకోవద్దు” అనవలసిన పని లేదు. “పరుగెత్తకు” అనుటకంటె “నా చేయి పట్టుకొని నడువు” అనుట ఈ వయస్సువారికి బాగుగా తెలియును, ఏమి చేయవలెనో ఆ మాటలోనే ఉన్నది గనుక. “అన్నము తింటావా లేదా?” అనక, “పెరుగుతో తింటావా, పప్పుతో తింటావా?” అని అడిగి చూడుడి. “నేనే” అనువానికి చిన్న పెత్తనము దొరకును, తిండి మాత్రము తప్పదు.

నాలుగైదు ఏండ్ల బిడ్డ ప్రశ్నలతో విసిగించును. కలకును నిజమునకును సరిహద్దు వానికి ఇంకను సరిగా తెలియదు. చెరువులో ఏనుగు కనబడెనని చెప్పినచో అది అబద్ధమని కొట్టవద్దు. ప్రక్క తడుపుటకు కొట్టనే కొట్టవద్దు. ఐదేండ్ల పిల్లలలో నూటికి సుమారు పదిహేనుమందికి అది ఉండును. నిద్రలో జరుగు దానిని బిడ్డ కావలెనని చేయుట లేదు. కొట్టిన కొలది భయము పెరిగి, అదియు పెరుగును. తడిసిన బట్టను నలుగురిలో చూపి నవ్వు పెద్దలున్నారు. వారిని ఏమనవలెనో నాకు తెలియుట లేదు.

పెద్దపిల్లల విషయములో తల్లిదండ్రులు నా యొద్దకు తెచ్చు ఫిర్యాదులలో మొదటిది అబద్ధము. ఒక ఊరిలో పదేండ్ల బాలునికి ఐదువందల రూపాయల నోటు ఇచ్చి నూనెకు పంపిరి. దారిలో క్రికెట్టు ఆట చూచుచు నిలిచినాడు, నోటు ఎక్కడనో జారిపోయినది. ఎవరో లాగుకొనిరని చెప్పినాడు. ఆ నోటు తండ్రికి ఒక దినపు కూలి. అబద్ధము బయటపడిన తరువాత వాని వీపు చింతబరికెతో వాచినది. కొన్ని వారముల తరువాత వాడు బడి పుస్తకముల సంచి పోగొట్టుకొనినాడు. ఈసారి అబద్ధము ఆడలేదు, ఇంటికే రాలేదు. రాత్రి పదకొండు గంటల వరకు టార్చిలైట్లతో ఊరంతయు వెదకి, గడ్డివాము సందున ముడుచుకొని పడుకొనియుండగా చూచిరి. వానకాలము, పాములు తిరుగు చోటు. ఆ తండ్రి బిడ్డను భుజాన వేసికొని వచ్చి నాతో అనిన మాట, “బావులన్నీ చూశామయ్యగారూ.” అంతకు మించి అతనికి మాట రాలేదు.

ఆ బాలునికి అబద్ధము ఎవరు నేర్పిరి? నిజము చెప్పినను దెబ్బలే, చెప్పకున్నను దెబ్బలే అయినప్పుడు, చెప్పకుండుటలో తప్పించుకొను దారి కొంచెమైన ఉన్నది. ఈ లెక్క పదేండ్లవానికి మనకంటె బాగుగా వచ్చును.

జాన్ వెస్లీ తల్లియైన సుసన్నా వెస్లీ పేరు మన బైబిలు స్కూళ్లలో తరచు వినబడును. పందొమ్మిదిమందిని కని, తొమ్మిదిమందిని శైశవములోనే పోగొట్టుకొనిన తల్లి. 1732లో కుమారునికి వ్రాసిన లేఖలో తన పెంపకపు పద్ధతులను వివరించెను. ఏడాది నిండిన బిడ్డకు బెత్తపు భయము నేర్పి, మెల్లగా ఏడ్చుటకు అలవాటు చేసితినని అందులో ఉన్నది. ఆ మాటను పట్టుకొని కొందరు ప్రసంగించుట విన్నాను. దానిని నేను మెచ్చను, ఏడాది బిడ్డ సంగతి పైన చెప్పియున్నాను. గాని అదే లేఖలోని కడమ నియమములను వారు చెప్పరు. తప్పు చేసిన బిడ్డ నిజము ఒప్పుకొని దిద్దుకొనెదనన్నచో ఆ యింట దెబ్బ లేదు. భయమే అబద్ధమునకు తల్లియని ఆమె గ్రహించినది. ఒక తప్పునకు రెండు సార్లు శిక్ష లేదు, తరువాత దానిని ఎత్తిపొడుచుటయు లేదు. బిడ్డ మాట వినినప్పుడెల్ల మెచ్చుకొనవలెను. అంతేకాదు, వారములో ఒక్కొక్క సాయంత్రము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు ఆమె ఏర్పరచుకొనెను. జాను వంతు గురువారము. అంతమంది బిడ్డలు, అప్పులు గల ఆ యింటిలో ఆమెకు తీరిక దొరికినదన్నచో, ఒక గంటసేపు సెల్‌ఫోను ప్రక్కన పెట్టుట మనకు అసాధ్యము కాదు.

అట్లయిన బిడ్డను ఏమియు అనకూడదా అయ్యగారూ, అందురేమో. ఏలీని చూడుడి. కుమారులు దేవుని అర్పణలనే దోచుకొనుచుండగా వారిని అడ్డగింపలేదు; వృద్ధుడైన తరువాత నాలుగు మాటలు మెత్తగా అనినాడు. దావీదు తన కుమారుడైన అదోనీయాను, నీవెందుకిట్లు చేయుచున్నావని ఎన్నడును అడుగలేదు (1 రాజులు 1:6). అడ్డగింపకుండుట ప్రేమ కాదు. అయితే దిద్దుబాటు తప్పునకు చుట్టమై యుండవలెను. నీళ్లు ఒలకబోసినవాడు గుడ్డ తెచ్చి తుడువవలెను. ఆటలో పడి మేకలను పరుల చేనిలోనికి పోనిచ్చినవాడు తండ్రి వెంట ఆ రైతు యొద్దకు పోయి, తన నోట జరిగినది చెప్పి, మరునాడు ఆ చేని గట్టుకు కంప వేయవలెను. తండ్రి ప్రక్కన నిలువవలెను, వెనుక కాదు. అన్నము పెట్టకుండుట, గుంజకు కట్టుట, గుడ్డలూడదీసి బయట నిలుపుట, ఇవి ఏ తప్పునకును చుట్టములు కావు.

మన రైతులు కోడెదూడను కాడికి మరపునప్పుడు ఏమి చేయుదురు? అనుభవము గల యెద్దు ప్రక్కన కట్టుదురు. మొదటి దినముననే ఎకరము దున్నించరు. పొద్దున కొంతసేపు ఇసుకలో ఉత్త కాడి, మధ్యలో విప్పి నీరు, గడ్డి. దూడ నేర్చుకొనునది ములుకోల వలన కాదు, ప్రక్కనున్న యెద్దు నడక వలన. ఇంట బూతులాడు తండ్రి బిడ్డ నోట బూతు విని కొట్టునప్పుడు, ఆ దూడ ఎవరిని చూచి నేర్చినదో ఊరంతటికి తెలియును.

దెబ్బలలో ఎక్కువ భాగము బిడ్డ తప్పు వలన పుట్టినవి కావని నా తలంపు. దినమంతయు ఎండలో మిరపకాయలు కోసి నడుము విరిగి వచ్చిన తల్లి, వడ్డీకిచ్చినవాడు వచ్చి వాకిట నిలిచిన యిల్లు, త్రాగి వచ్చిన పెనిమిటి. అత్త మీది కోపము దుత్త మీద అన్నట్లు, అడ్డము వచ్చినవాడు చిన్నవాడు. చేయి లేచినప్పుడు ముందు మీరు చెంబెడు నీళ్లు త్రాగుడి, వాకిటిలోనికి పొండి. బిడ్డ ఎక్కడికిని పోడు. కోపము చల్లారిన తరువాత ఆ తప్పు అంత పెద్దదిగా కనబడదు.

ఇంకొక చెడ్డ వాడుక ఉన్నది, అది నాకును తగులును. “అన్నం తినకపోతే పాస్టరుగారికి చెబుతా”, “సూదిమందు వేయిస్తా”, “దేవుడు కళ్లు పోగొడతాడు” అని బెదిరింతురు. నన్ను బూచిని చేసిన చేయుడి. చిన్నపిల్లలను అడ్డగించిన శిష్యుల మీద కోపపడి, వారిని ఎత్తి కౌగిలించుకొని, చేతులుంచి దీవించిన ప్రభువును బూచిని చేయవద్దు (మార్కు 10:13–16). పదునాలుగేండ్లు వచ్చిన తరువాత పిల్లలు గుడికి రారని మీరు దుఃఖించుచున్నారు. కళ్లు పోగొట్టువాని యింటికి ఎవరు ఇష్టపడి వత్తురు?

ఇదివరకే కొట్టినవారు ఏమి చేయవలెనని ఒక తండ్రి అడిగినాడు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “నిన్న నేను నిన్ను కొట్టింది తప్పు నాన్నా” అని చెప్పవలెను. మర్యాద పోవునేమోనని భయము వద్దు. పెద్దవారు తప్పు ఒప్పుకొనుట ఎట్లో బిడ్డ మొదటిసారి చూచును. వాడు నమ్మకపోవచ్చును, బెదరి చూడవచ్చును, నవ్వవచ్చును కూడ. తొందరపెట్టవద్దు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాని పేరు ఎత్తునప్పుడు మాత్రము, వాని తప్పులను దేవునికి చాడీలుగా చెప్పవద్దు. వాడు కన్నులు మూసికొని వినుచుండును.